పదకొండు ఫైళ్ళ విమానం

మా వెస్ట్ ఆల్డర్‌లో అరవై అయిదు దాటిన మగవాళ్ళు ఇరవై ముగ్గురు. వాళ్ళలో పందొమ్మిది మంది విమానాలు కడుతున్నారు. తక్కిన నలుగురికీ ఒంట్లో బాగుండదు.

విస్కాన్సిన్‌లో ఉద్యోగం అయిపోయిన మనిషికి మూడే దారులు. చేపలు పట్టుకోవచ్చు, భార్యకు వంట నేర్పవచ్చు, విమానం కట్టుకోవచ్చు. మొదటిదానికి ఓపిక కావాలి. రెండోదానికి ధైర్యం కావాలి. మూడోదానికి గ్యారేజీ ఉంటే చాలు. కారు బయట మంచులో ఉంటుంది. కారుకి మంచు కొత్తేమీ కాదు.

విమానం పెట్టెల్లో వస్తుంది. ముందు తోక, ఆ తర్వాత రెక్కలు, ఆ తర్వాత ఒళ్ళు, చిట్టచివర ఇంజను. రేకులన్నీ కోసి, బెజ్జాలు వేసి పంపుతారు. బెజ్జాల అంచులు నున్నగా గీకి, రేకు మీద రేకు అమర్చి, రెంటినీ కలిపి పట్టే రివెట్లనే చిన్న మేకులు కొట్టుకోవడమే మన పని. ఆ రివెట్లు పదమూడు వేలు. పెట్టెతో వచ్చే పుస్తకంలో "తీరిక వేళల్లో పనిచేస్తే రెండేళ్ళు" అని ఉంటుంది. ఆ వాక్యాన్ని మావాళ్ళు గౌరవంగా చదివి పక్కన పెడతారు. విమానం ఎప్పుడు ఎగురుతుందని అడిగితే అందరూ "వసంతంలో" అంటారు. ఏ వసంతమని అడగడం మా దగ్గర మర్యాద కాదు.

ఈ మహత్కార్యాన్ని పర్యవేక్షించడానికి వెస్ట్ ఆల్డర్ స్వహస్త విమాన నిర్మాతల సంఘం ఉంది. సభ్యులు ప్రతి శనివారం పొద్దున్నే గడ్డి రన్‌వే పక్కనున్న షెడ్డులో సమావేశమై, పాన్‌కేక్‌లు తిని, ఒకరి విమానం గురించి ఒకరు విచారిస్తారు. అధ్యక్షులు డాక్టర్ గేలెన్ రుష్ గారు పళ్ళ డాక్టరుగా రిటైరయ్యారు. ఇరవై రెండేళ్ళుగా తన విమానానికి తోక కడుతున్నారు. ఆ తోక ఊళ్ళో ఎవరి పళ్ళూ లేనంత నున్నగా ఉంటుంది. "ఎగరడం పిట్ట కూడా చేస్తుంది, కట్టడం మనిషే చెయ్యగలడు" అన్నది వారి సిద్ధాంతం. పిట్ట గూడు కడుతుందన్న సంగతి ఇంతవరకూ వారికి ఎవరూ విన్నవించలేదు.

ఎనిమిదేళ్ళ కిందట బెర్నెల్ అనే సభ్యుడు తొందరపడి విమానం పూర్తి చేశాడు. ఎగిరాడు కూడా. దానితో శనివారాలు చెప్పుకోవడానికి కష్టమేదీ మిగలక సంఘానికి రావడం మానేశాడు. ఇప్పటికీ అతని పేరు ఎత్తేటప్పుడు సభ్యులు గొంతు తగ్గిస్తారు.

వెర్లిన్ ఓస్ట్రైక్ గారు ఈ సంఘానికి కార్యదర్శి. ముప్పై నాలుగేళ్ళు చీజ్ పరీక్షకులుగా పనిచేశారు. ఫ్యాక్టరీకి వెళ్ళడం, చీజ్ దిమ్మలో గొట్టం గుచ్చి ముక్క తియ్యడం, వాసన చూడటం, కొరకడం, ఉమ్మడం, రాసుకోవడం. ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఒక్క చీజ్ ముక్కా తయారు చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు కూడా. పనిచేసే చెయ్యి వేరు, చూసే కన్ను వేరు. రెండూ ఒకే మనిషికి ఇస్తే ప్రభుత్వాలు నడవవు.

రిటైరైన రోజున కేకు కోస్తూ ఆయన అందరి ముందూ భార్య ఆర్డిస్ గారికి మాటిచ్చారు.

"ఆర్డీ! ఇక నీకు దిగులు లేదు. నా చేతుల్తో విమానం కట్టి, అందులో నిన్ను లవోన్ దగ్గరికి తీసుకెళ్తా. పొద్దున్నే వెళ్ళి టిఫిను తిని వచ్చేద్దాం!"

లవోన్ ఆర్డిస్ గారి అక్క. మిషిగన్ సరస్సుకి మేం ఈ ఒడ్డున, ఆవిడ ఆ ఒడ్డున. సూటిగా వెళ్తే అరగంట చిల్లర. కానీ కారు నీళ్ళ మీద వెళ్ళదు, షికాగో మీదుగా చుట్టూ తిరిగేసరికి రోజంతా పోతుంది. వేసవిలో ఓడ ఉంది, ఎక్కితే ఆర్డిస్ గారికి కడుపులో దేవేస్తుంది. అయినా అక్కాచెల్లెళ్ళు అప్పటిదాకా ఏడాదికోసారి ఎలాగో కలుసుకునేవారు. వెర్లిన్ గారు మాటిచ్చాక అదీ మానేశారు. ఎలాగూ వచ్చే వసంతంలో విమానం ఉందిగా.

విమానాల శాఖవారి నిబంధన ఒకటుంది. ఇంట్లో కట్టిన విమానంలో సగానికి పైగా పని, కట్టినవాళ్ళు నేర్చుకోవడానికీ సరదాకీ తమ చేతుల్తోనే చేసి ఉండాలి. చేసినట్టు రుజువు చూపాలి. రుజువంటే ఫొటోలు, రోజువారీ రాత. తక్కిన పద్దెనిమిది మందికీ ఈ నిబంధన ఒక పీడ, వెర్లిన్ గారికి పండగ. తొలి పెట్టె మేకులు ఊడదియ్యక ముందే ఆయన ఒక కెమెరా, డజను ఫైళ్ళు కొన్నారు. ప్రతి ఫైలు మీదా "నిర్మాత: వెర్లిన్ ఓస్ట్రైక్" అని గుండ్రటి అక్షరాలతో రాశారు. అంటే మొదటి రోజే చెప్పుకోదగ్గ పని జరిగిందన్నమాట.

రివెట్ కొట్టాలంటే ఇద్దరు కావాలని పుస్తకం అంటుంది. ఒకరు ఇవతల నుంచి రివెట్ గన్నుతో కొడితే, ఇంకొకరు అవతల ఇనప దిమ్మ అదిమి పట్టాలి. మరి ఇద్దరూ పనిలో ఉంటే ఫొటో ఎవరు తీస్తారు? పుస్తకం రాసినవాళ్ళకు తట్టని ఈ లోపాన్ని వెర్లిన్ గారు వెంటనే కనిపెట్టారు. అందుకని ఆర్డిస్ గారే ఒక చేత్తో గన్ను, ఇంకో చేత్తో దిమ్మ పట్టడం నేర్చుకున్నారు. చెయ్యి అందని చోట మోకాలు వాడారు.

"ఆగు ఆర్డీ, ఆగు, కదలకు. గన్ను కాస్త పైకి. ఆఁ, అలాగే ఉండు."

"ముందు కొట్టేసి, తర్వాత తీసుకోకూడదా ఫొటో?"

"భలేదానివే! కొట్టాక తీస్తే ఎవరు కొట్టారో ఎలా తెలుస్తుంది?"

రాత్రి భోజనమయ్యాక ఆయన రాసేవారు: "నేడు ఎడమ రెక్కకు రెండు వందల పన్నెండు రివెట్లు కొట్టాను. మూడు సరిగా రాలేదు. తీసి మళ్ళీ కొట్టాను. చాలా అలసట." పక్కన అతికించిన ఫొటోలో కోడిపుంజుల బొమ్మలున్న ఏప్రన్, ముడతలు పడ్డ రెండు చేతులు. ఆ ఫైళ్ళు శనివారాలు షెడ్డులో చేతులు మారేవి. "ఏం రివెట్లురా వెర్లిన్! వెంట్రుకవాసి తేడా లేదు!" అని పెద్దలు కళ్ళజోళ్ళు సవరించుకునేవారు. కోడిపుంజుల సంగతి ఎవరూ ఎత్తలేదు. రివెట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు రివెట్లే చూస్తారు.

అలా పదకొండేళ్ళు. కుడి రెక్క అతిథుల గదిలో మంచం మీద నాలుగేళ్ళు పడుకుంది, అతిథులు సోఫాలో పడుకున్నారు. తోకను భోజనాల బల్ల పైన తాళ్ళతో వేలాడదీశారు. థాంక్స్‌గివింగ్ పండగ నాడు టర్కీ కోడిని కోసేవాళ్ళు తలలు వంచుకునే కోసేవారు, చూసేవాళ్ళకు మహా భక్తిగా ఉండేది. ఇంజను బట్టలుతికే గదిలో దిగింది. దాని మీద టవళ్ళు చక్కగా ఆరేవి. ఒకసారి పాస్టరు గారు వచ్చి, నుదురు తోకకు కొట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "ఈ ఇంట్లో పైవాడి ఉనికి తెలుస్తోంది" అన్నారు.

ఆడవాళ్ళను సంఘం చిన్నచూపు చూసిందని ఎవరైనా అంటే అది అపవాదు. ఏటా జనవరి విందులో ఒక సభ్యుడి భార్యకు ‘ఓర్పు ఫలకం’ బహూకరిస్తారు. ఆర్డిస్ గారికి ఏడుసార్లు వచ్చింది. ఏడోసారి అధ్యక్షులు గద్గద స్వరంతో ఇలా ప్రసంగించారు:

"సోదరులారా! ప్రతి రెక్క వెనకా ఒక ఇల్లాలు ఉంటుంది. ఆమె ఏమీ చెయ్యకపోవచ్చు. కానీ ఏమీ అనదు చూశారా, అదీ ఆమె చేసే పని! ఆ మౌనమే మన విమానాలకు ఇంధనం!"

చప్పట్లకు షెడ్డు రేకులు అదిరాయి. ఆర్డిస్ గారు ఫలకాన్ని ఇంటికి తీసుకెళ్ళి, రెక్క నిలబెట్టిన చట్రానికి ఒక కాలు పొట్టిగా ఉంటే దాని కింద పెట్టారు. మంచి ఓక్ చెక్క. అంతకుముందు ఆరు ఫలకాలూ ఇంకో రెండు కాళ్ళ కింద ఉన్నాయి.

ఈ ఏడు ఫిబ్రవరిలో లవోన్ ఫోన్ చేసింది.

"ఏమే, నీ మొగుడి వసంతం ఎప్పుడొస్తుందే?"

"వస్తుందక్కా. ఇంజను బిగించడం గురించి ఆలోచిస్తున్నాడు."

"ఆలోచించనీ. సెప్టెంబరు పద్నాలుగుకి నాకు ఎనభై. తుంటి మార్చారు, నేనింక గడప దాటలేను. పోనీ తొంభయ్యో పుట్టినరోజుకి రమ్మందామంటే, అప్పటికి నేనుంటానో ఉండనో, నువ్వుంటావో ఉండవో. ఆ విమానం మాత్రం మీ గ్యారేజీలో క్షేమంగా ఉంటుంది."

ఆర్డిస్ గారు నవ్వారు. ఫోను పెట్టేశాక నవ్వలేదు. గోడ మీది క్యాలెండరులో సెప్టెంబరు పద్నాలుగు చుట్టూ గీత గీసి, ఏప్రన్ కట్టుకుని, ఇంజను మీది టవళ్ళు తీసేశారు.

మే నెలాఖరుకి విమానం చక్రాల మీద నిలబడింది. ఈ వార్త విని సంఘం కలవరపడింది. బెర్నెల్‌కి పట్టిన గతే వెర్లిన్‌కీ పడుతుందేమోనని అధ్యక్షులు స్వయంగా గ్యారేజీకి వచ్చి, ముందున్న మీటర్ల పలక పాతబడిందనీ, అంతా పీకి కొత్తది పెడితే మూడేళ్ళలో అయిపోతుందనీ సలహా ఇచ్చారు. వెర్లిన్ గారి కళ్ళు మెరిశాయి.

"ఏమంటావు ఆర్డీ? గేలెన్ చెప్పిందాంట్లో పాయింటు ఉంది."

"గేలెన్‌కి అక్క ఉందా?"

"లేదనుకుంటా."

"అయితే పలక అలాగే ఉంటుంది."

ఆ సాయంత్రమే ఆవిడ విమానాల శాఖ తనిఖీ అధికారికి ఉత్తరం వేశారు.

అధికారి పేరు డ్వేన్ స్కోగ్. సన్నగా, పొడుగ్గా, తొందరనేది ఎరగని మనిషి. విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా చూసి, "ఫరవాలేదు" అన్నారు. మా వైపు ఇంతకు మించిన పొగడ్త లేదు, పెళ్ళికూతురిని చూసినా ఇదే మాట అంటారు. తర్వాత కాఫీ తెప్పించుకుని ఫైళ్ళు తెరిచారు. మూడు ఫైళ్ళు వరసగా చూశారు. నాలుగోదాని మధ్యలో ఆగారు.

"ఈ చేతులెవరివండీ?"

"మా ఆవిడవి" అన్నారు వెర్లిన్ గారు.

"ఇవి?"

"అవీ మా ఆవిడవే."

"రెక్క లోపల దూరి కాళ్ళు మాత్రం కనపడుతున్నది?"

"మా ఆవిడే. సన్నగా ఉంటుంది కదా, పడుతుంది."

"మరి మీరెక్కడ?"

"ఫొటో తీస్తున్నాను కదండీ!"

"అన్నిట్లోనూ?"

"ఒక్క రోజు కూడా మానలేదు" అన్నారు వెర్లిన్ గారు గర్వంగా.

స్కోగ్ గారు భూతద్దం తీసుకుని మిగతా ఏడు ఫైళ్ళూ వెతికారు. ఆరు వేల పైచిలుకు ఫొటోల్లో ఒకే ఒక్కదాంట్లో వెర్లిన్ గారు దొరికారు. తళతళలాడే రెక్క రేకులో, తలకిందులుగా, బొటనవేలంత, కెమెరా పట్టుకుని. అప్పుడు అధికారి రెండు మూడు ప్రశ్నలు వేశారు. ప్రొపెల్లర్ బోల్టులు ఎంత బిగువున బిగించాలి? ఇంధనం గొట్టం ఎటు నుంచి తిప్పారు, ఎందుకు? వెర్లిన్ గారు ప్రతిసారీ వంటింటి వైపు తిరిగి "ఆర్డీ!" అన్నారు. ఆర్డీ కాఫీ పోస్తూ జవాబులు చెప్పారు.

స్కోగ్ గారు కలం మూత పెట్టారు. "ఓస్ట్రైక్ గారూ, ఈ విమానం నేనే కట్టానని మీరు ప్రమాణపత్రం రాశారు. మీరు తెచ్చిన రుజువులు చూస్తే కట్టింది మీరు కాదని ఏ సందేహం లేకుండా తేలుతోంది. ఇంత పకడ్బందీ రుజువు నా సర్వీసులో చూడలేదు. ఈ కాగితం ఇలాగే ఉంటే ఇది ఎగరదు. పేరు మారిస్తే ఇవాళే సంతకం పెడతాను."

ఆర్డిస్ గారు భర్తను బతిమాలలేదు. క్యాలెండరు వంక మాత్రం ఒకసారి చూశారు.

వెర్లిన్ గారు లేచి విమానం దగ్గరికి వెళ్ళారు. చీజ్ దిమ్మ చుట్టూ తిరిగినట్టు దాని చుట్టూ తిరిగారు. వంగి వాసన కూడా చూశారంటారు. ఒక రివెట్ వరుస మీద వేలు ఆనించి చివరిదాకా నడిచారు. పదకొండేళ్ళలో మొదటిసారి మెడలో కెమెరా లేదు.

"ముప్పై నాలుగేళ్ళలో ఒక్క చెడ్డర్ చీజ్ మీద స్విస్ చీజ్ అని ముద్ర వెయ్యలేదండీ" అన్నారు. "ఇటివ్వండి ఆ కాగితం." తన పేరు కొట్టేసి భార్య పేరు రాశారు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. "ఆర్డీ, నీ ఇంటిపేరు నాదే కాబట్టి సగం శ్రమ తప్పింది."

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. నిర్మాత అన్నవారికి ఓటుంటుంది కాబట్టి ఆర్డిస్ గారినీ పిలవక తప్పలేదు. భార్య చేతులు భర్త చేతులే అని పెళ్ళినాడే తేలిపోయిందనీ, తనిఖీ అధికారి బ్రహ్మచారి కాబోలనీ అధ్యక్షులు అభిప్రాయపడ్డారు. అయినా సరే, సంఘం గౌరవం కాపాడటానికి మొదటిసారి విమానం నడిపే బాధ్యత తామే స్వీకరిస్తామని ప్రకటించారు. వారు ఆఖరుసారి విమానం నడిపి ఇరవై రెండేళ్ళయింది.

"నేను నడుపుతాను గేలెన్" అన్నారు ఆర్డిస్ గారు.

"ఏమమ్మా, అదేమైనా కుట్టు మిషనా? దానికి లైసెన్సు కావాలి!"

ఆవిడ చేతిసంచిలోంచి లైసెన్సు తీసి పాన్‌కేక్‌ల పళ్ళెం పక్కన పెట్టారు. వాళ్ళ నాన్న చెర్రీ తోటల మీద మందు చల్లే విమానం నడిపేవాడట. ఈవిడ పదిహేడో ఏటి నుంచి నడిపారట. ఈమధ్య రెండేళ్ళుగా ప్రతి గురువారం పక్క ఊరికి వెళ్ళి మళ్ళీ నడపడం అలవాటు చేసుకుంటున్నారట. గురువారాలు ఆవిడ చర్చిలో బొంతలు కుట్టడానికి వెళ్తున్నారని ఊరంతా అనుకుంది. ఆవిడ అలా చెప్పలేదు.

"మాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు అధ్యక్షులు.

"అడిగితే చెప్పేదాన్ని."

జూన్‌లో ఒక శనివారం విమానం ఎగిరింది. ఊరంతా రన్‌వే పక్కన నిలబడ్డాం. రెండు చుట్లు తిరిగి, గడ్డి మీద పిల్లి దూకినంత మెత్తగా దిగింది. జనమంతా ఒక్కసారిగా పరుగెత్తి వెళ్ళి వెర్లిన్ గారి చెయ్యి పట్టుకుని ఊపారు. "ఫరవాలేదు వెర్లిన్! సాధించావురా!" వెర్లిన్ గారు విమానం వైపు చూపిస్తూ ఏదో చెప్పబోయారు గానీ, వినయం కొద్దీ అంటున్నారని ఎవరూ పట్టించుకోలేదు. వారపత్రికలో ఆయన ఫొటో వచ్చింది, కింద "రిటైరైన చీజ్ పరీక్షకుని కల సాకారం" అని. ఆ వార్తలో ఆర్డిస్ గారు కూడా ఉన్నారు, "సతీసమేతంగా" అన్న మాటలో. ఆ శనివారం ఆవిడ విమానం దిగి హెల్మెట్ లాంటి ఆ చెవిదొప్పలు తీస్తుంటే, పాస్టరు గారి భార్య ఆవిడ దగ్గరికి వచ్చి, "నువ్వు నడుపుతానంటే వెర్లిన్ ఏమీ అనలేదా తల్లీ?" అని అడిగింది.

"ఏమీ అనలేదమ్మా. ఆ ఓర్పుకి ఆయనకి ఫలకం ఇవ్వాలి."

కొత్త విమానాన్ని నలభై గంటలు ఊరి చుట్టుపక్కలే ఒంటరిగా నడపాలి. అప్పటిదాకా ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఆవిడ జూన్, జులై, ఆగస్టు నడిపారు. గాలి ఎక్కువైన రోజున దిగిపోయి, తగ్గిన రోజున మళ్ళీ ఎక్కారు. వెర్లిన్ గారు కింద కుర్చీ వేసుకుని గంటలు రాశారు. నలభయ్యో గంట సెప్టెంబరు పదకొండున పూర్తయింది.

సెప్టెంబరు పద్నాలుగు శనివారం పడింది. పొద్దున్నే ఆర్డిస్ గారు ఎడమ సీట్లో, లైఫ్ జాకెట్ వేసుకున్న వెర్లిన్ గారు కుడి సీట్లో కూర్చున్నారు. విమానం సరస్సు మీదికి తిరిగి, చిన్నదై, చుక్కై, కనపడకుండా పోయింది. గంట తిరక్కుండానే షెడ్డులో ఫోన్ మోగింది. "మా చెల్లెలు వచ్చింది" అంది లవోన్. వెనకాల పళ్ళేల చప్పుడు వినపడింది.

ఆ రోజు సంఘం ఎజెండాలో ఒకటే అంశం: జరిగిన పొరపాటు నుంచి పాఠం నేర్చుకోవడం. మా సంఘం పాఠం నేర్వని సంఘం కాదు. అధ్యక్షులు చదివిన తీర్మానం ఇది:

"నిర్మాణము మొదలిడిన దినము నుండి కెమెరా సభ్యుని చేతిలో గాక, సభ్యుని సతీమణి చేతిలో ఉండవలెను. ప్రతి ఫొటోలోను సభ్యుడు గన్ను పట్టుకొని కనపడవలెను. ఫొటో తీసిన పిమ్మట రివెట్ ఎవరు కొట్టినను సంఘమునకు అభ్యంతరము లేదు."

"సోదరులారా, ఇన్నేళ్ళకు మన సంఘం ఆడవాళ్ళ చేతికి ఒక పనిముట్టు అప్పగిస్తోంది!" అని అధ్యక్షులు ముగించారు. పాన్‌కేక్‌లు వడ్డిస్తున్న సతీమణులకు ఓటు లేకపోయినా చప్పట్లకు అనుమతి ఉంది. అందరికంటే గట్టిగా వాళ్ళే కొట్టారు. వాళ్ళలో ఒకరైన మా అమ్మ అయితే కెమెరా ఏ రంగులో వస్తుందని అడిగింది.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సంఘంలో ఓటున్న ఆడమనిషి ఒక్కరే. ఆవిడ ఆ సమయానికి సరస్సు అవతల ఉన్నారు.